రాంనగర్ గల్లీల్లో కరెంటు బిల్లులు చదివిన రోజులు

ఏటా ఆగస్టు 28 వచ్చేసరికి బషీర్‌బాగ్‌లో విద్యుత్ అమరవీరుల స్థూపానికి దండలు పడతాయి. 2000లో పెంచిన కరెంటు చార్జీలు తగ్గించమని చలో అసెంబ్లీకి కదిలిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపింది ఆ రోజే. వాటిలో ప్రాణాలు కోల్పోయిన రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి పేర్లు మైకులో వినిపిస్తాయి. గుర్రాల మీద పోలీసులు, ముళ్ళకంచె, నీళ్ళు చిమ్మే బండ్లు ఉన్న పాత ఫొటోలు మళ్ళీ చేతులు మారతాయి. మరిచిపోకూడని రోజే అది. కానీ 2000లో జరిగిన కరెంటు పోరాటం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సోమవారం కాదు. అంతకుముందు జూన్, జులై నెలలు. రాంనగర్, బాగ్‌లింగంపల్లి, ముషీరాబాద్ గల్లీల్లో ఆడవాళ్ళు బిల్లులు చేత పట్టుకుని గుమ్మాల్లో కూర్చుని లెక్కలు కట్టిన నెలలు. వాటి గురించి రాసినవాళ్ళు నాకు పెద్దగా కనిపించలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పట్లో మేము రాంనగర్‌లో ఒక పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. మా మామగారు ఆజమాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. మా ఆయనది చిన్న ప్రైవేటు ఉద్యోగం. నేను సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెప్పేదాన్ని. మా పక్క గల్లీలో ఉండే టీచరమ్మ మహిళా సంఘంలో పనిచేసేవారు. సారా ఉద్యమం రోజుల నుంచీ ఆమెకు బస్తీల్లో మంచి పేరు. ఆమె పిలిస్తే మీటింగులకు వెళ్ళడం నాకు అలా అలవాటైంది.

ఆ రోజుల్లో హైదరాబాద్ అంటే బయటివాళ్ళకు హైటెక్ సిటీ. 1998 నవంబరులో దాని ప్రారంభం. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చి చూసి వెళ్ళారు. టీవీలో ఎప్పుడు చూసినా ఆ అద్దాల మేడే. మా వైపు పరిస్థితి వేరు. మిల్లులు, చిన్న ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతుంటే, వాటిలో పనిచేసిన మగవాళ్ళు ఆటోలు, వాచ్‌మన్ పనుల్లోకి పోయారు. ఆడవాళ్ళు ఇళ్ళల్లో మిషన్ కుట్టుకుంటూ, అప్పడాలు ఒత్తుకుంటూ, అగరుబత్తీలు చుట్టుకుంటూ నెట్టుకొస్తున్నారు. కుట్టుమిషన్‌కు మోటారు పెట్టుకున్నవాళ్ళకు కరెంటే తిండి పెట్టేది.

కరెంటు సంస్కరణల సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1998లో చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు రెండుగా చీలి కరెంటు తయారుచేసేది జెన్‌కో, సరఫరా చేసేది ట్రాన్స్‌కో అయింది. అదే నెలలో ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. రేట్లు నిర్ణయించడానికి రెగ్యులేటరీ కమిషన్ ఏర్పడింది. ఇదంతా పేపర్లో వస్తూనే ఉంది. కానీ మంచినీళ్ళ కుళాయి దగ్గర మాట్లాడుకునే విషయం కాదు కదా! 2000 మే నెలాఖరులో కమిషన్ మొదటి టారిఫ్ ఆర్డరు ఇచ్చింది. జూన్ నుంచి కొత్త రేట్లు. ఆ బిల్లులు ఇళ్ళకు చేరిన రోజు నుంచి కుళాయి దగ్గర ఇక వేరే మాట లేదు.

మా వీధి చివర గిర్ని ఉండేది. గోధుమలు, జొన్నలు, కారం, పసుపు అన్నీ పట్టేది అక్కడే. దాన్ని నడిపే ఆయన్ని అందరం తాత అనేవాళ్ళం. ఒకరోజు పిండి పట్టించుకుందామని వెళితే గిర్ని ఆగి ఉంది. తాత పీట మీద కూర్చుని బిల్లును అటూ ఇటూ తిప్పుతున్నాడు. కళ్ళజోడు నిండా పిండి. "జర చూడు బిడ్డా, నువ్వు చదువుకున్నదానివి. ఇది నాదేనా? పేరేమన్న తప్పు వడ్డదా?" అని నా చేతికిచ్చాడు. పేరు తప్పు పడలేదు, సర్వీసు నంబరూ ఆయనదే. అంకె మాత్రం ఆయన ఎన్నడూ చూడనిది. అయితే ఆ అంకె ఎలా వచ్చిందో నాకూ అర్థం కాలేదు. యూనిట్లు ఎన్నో ఉంది, కట్టవలసింది ఎంతో ఉంది. నడుమ ఫిక్స్‌డ్ చార్జీ అట, డ్యూటీ అట, ఏవేవో. ఆ కాగితం అడిగి తీసుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళాను.

ఆమె దగ్గర అప్పటికే అలాంటివి చాలా పోగయ్యాయి. సంఘంవాళ్ళు టారిఫ్ ఆర్డరులోని రేట్ల పట్టిక జిరాక్సు తెచ్చి పెట్టుకున్నారు. అది ఇంగ్లీషులో ఉంది. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని దాన్ని తెలుగులో రాసుకున్నాం. ఇళ్ళది ఒక క్యాటగిరీ, దుకాణాలది ఒకటి, గిర్ని లాంటి వాటిది ఇంకొకటి. ఇళ్ళలో మళ్ళీ స్లాబులు, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే అంచెలు. పాత రేటు ఒక పక్కన, కొత్త రేటు ఇంకో పక్కన. తెల్లారి దాన్ని చార్టు మీద పెద్దక్షరాలతో దించి గిర్ని గోడకు అంటించాం. మాకు తెలిసినంతలో మా పేటలో ఉద్యమం మొదలైంది అక్కడే, ఆ పిండి గోడ మీద.

పిండికి వచ్చినవాళ్ళంతా ఆగి చదివేవాళ్ళు. చదువు రానివాళ్ళకు తాతే చెప్పేవాడు. పది రోజుల్లో ఆయనకు స్లాబులన్నీ నోటికొచ్చాయి. ఇంటికి పోయి బిల్లు తెచ్చినవాళ్ళకు అక్కడే పలక మీద లెక్క కట్టి చూపించేవాళ్ళం. పాత రీడింగు ఇంత, కొత్త రీడింగు ఇంత, తేడా ఇన్ని యూనిట్లు. మొదటి 50 ఈ రేటుకు, మిగిలినవి ఆ రేటుకు, పైన యూనిట్‌కు 6 పైసలు డ్యూటీ అనే పన్ను, కస్టమర్ చార్జీ. అంతా కలిపి అడుగున ఉన్న అంకె వచ్చేసరికి వాళ్ళ ముఖాలు మారిపోయేవి. అంతవరకూ మీటరు పాడైందేమో, బిల్లు కొట్టినతను తప్పు చేశాడేమో అనుకున్నవాళ్ళు, ఇది తప్పు కాదు, కావాలని పెట్టిన రేటు అని అప్పుడు తెలుసుకునేవాళ్ళు. నేను చూసినంతలో జనాన్ని కదిలించింది ఏ నాయకుడి ఉపన్యాసమూ కాదు, ఈ కూడికే.

ఇక్కడ ఒక విషయం వివరంగా చెప్పాలి. కరెంటు చార్జీల మీద వచ్చిన పెద్ద పెద్ద వ్యాసాల్లో కూడా ఇది కనిపించదు. మేముండే ఇంట్లో ఐదు పోర్షన్లు, మీటరు మాత్రం ఒకటే. ఐదిళ్ళ కరెంటూ దాని మీదే తిరిగేది. తక్కువ వాడే పేదింటికి తక్కువ రేటు పడాలనే కదా స్లాబులు పెట్టింది! మా ఐదిళ్ళల్లో ఏ ఇంట్లో చూసినా రెండు బల్బులు, ఒక ఫ్యాను, మహా అయితే బ్లాక్ అండ్ వైట్ టీవీ. విడివిడిగా చూస్తే ఒక్కో ఇల్లు 50 యూనిట్లు దాటదు. కానీ ఐదూ ఒకే మీటరు మీద పడేసరికి మొత్తం 200 దాటేది. అంటే ఎక్కువ వాడే పెద్ద బంగళాకు పడే పై స్లాబు రేటే మాకూ పడేది. ఇంటి ఓనరు సబ్ మీటర్లు పెట్టి, తనకు పడిన పై రేటే యూనిట్‌కు లెక్కకట్టి అందరి దగ్గరా వసూలు చేసేవాడు. కొన్ని ఇళ్ళల్లో సబ్ మీటరు కూడా లేదు. బల్బుకు ఇంత, ఫ్యానుకు ఇంత అని నెలనెలా గుత్తగా కట్టాల్సిందే.

హైదరాబాద్ బస్తీల్లో అద్దె ఇళ్ళన్నీ దాదాపు ఇంతే. పేదలకు మొదటి స్లాబు పెద్దగా పెంచలేదని టీవీలో ఎవరో చెబుతుంటే మా పోర్షన్లలో ఒక్కరికీ అర్థం అయ్యేది కాదు. మాకు ఆ మొదటి స్లాబు ఎప్పుడొచ్చిందని?

దీంతో మొదట్లో గొడవలు ఓనర్లకూ అద్దెకున్నవాళ్ళకూ మధ్యే మొదలయ్యాయి. మా ఎదురింట్లో అయితే చేయి చేసుకునేదాకా వచ్చింది. టీచరమ్మ వెళ్ళి ఓనరమ్మను, అద్దెకున్న ముగ్గురు ఆడవాళ్ళనూ ఒకే మంచం మీద కూర్చోబెట్టింది. "ముందు బిల్లు చూద్దాం, తిట్టుకోవడం తరవాత చూద్దాం" అంది. మొత్తం లెక్క కట్టి చూస్తే ఓనరమ్మ ఒక్క పైసా మిగుల్చుకోవడం లేదు. పైగా తన వాటా చేతి నుంచి పడుతోంది. ఆమెకు ఏడుపొచ్చేసింది. "నేను దొంగదాన్నని వాడంత చెప్పిండ్రు గదనే" అని అద్దెకున్న ఆమెను పట్టుకుంది. ఆ నలుగురూ ఆ వారమే మొదటిసారి కరెంటు ఆఫీసుకు కలిసి వెళ్ళారు. పోర్షన్‌కో మీటరు ఇవ్వాలని మేము రాయించిన అర్జీల్లో మొట్టమొదటిది వాళ్ళదే.

ఆ తరవాత పేట పేటా కదిలింది. సాయంత్రం ట్యూషన్ అయిపోగానే నేను, టీచరమ్మ, కుట్టుమిషన్ అక్క, ఇంకో ఇద్దరు ముగ్గురం బయలుదేరేవాళ్ళం. చేపల మార్కెట్ వైపు ఒకరోజు, పార్శిగుట్ట వైపు ఒకరోజు. ఇంటింటికీ కరపత్రం ఇచ్చి, బిల్లు చూపించమని అడిగి, జిరాక్సు తీసుకుంటామని చెప్పేవాళ్ళం. మైకు కట్టిన ఆటోలో కుర్రవాళ్ళు తిరిగేవాళ్ళు. కొన్ని చోట్ల బిల్లులు తగలబెట్టారు. మాకు మాత్రం తగలబెట్టబుద్ధి కాలేదు. అవే కదా మన సాక్ష్యం అని టీచరమ్మ వద్దంది. బిల్లు జిరాక్సు వెనక కుటుంబంలో ఎంతమంది, నెల ఆదాయం ఎంత, అద్దె ఎంత అని రాయించి సంతకమో వేలిముద్రో పెట్టించాం. అసెంబ్లీకి వెళ్ళిన రోజు అవన్నీ అక్కడ ఇచ్చేయాలని అనుకున్నాం.

కొన్ని రాత్రులు ఎనిమిదింటికి గల్లీ మొత్తం లైట్లు ఆర్పేసేది. కందిళ్ళు, కొవ్వొత్తులు పట్టుకుని ఆడవాళ్ళం వీధి చుట్టూ తిరిగేవాళ్ళం. పిల్లలకు పండగ. గిర్ని తాత తన పాత కందిలి అద్దం రోజూ బూడిదతో తోమి సిద్ధంగా పెట్టేవాడు. వేరే పార్టీలకు ఓటేసే ఇళ్ళవాళ్ళు కూడా ఆ పావుగంట లైట్లు ఆర్పేవాళ్ళు. కరెంటు బిల్లు అందరికీ ఒకటే కదా.

పైన పెద్దవాళ్ళ స్థాయిలో జరిగింది పేపర్లలో అందరూ చదివే ఉంటారు. బి.వి. రాఘవులు, సురవరం సుధాకర్ రెడ్డి గార్ల నాయకత్వంలో వామపక్షాలన్నీ కలిసి నిలబడ్డాయి. ప్రతిపక్ష నేత వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన ఎమ్మెల్యేలతో కలిసి నిరాహార దీక్షకు దిగారు. జిల్లాల్లో రైతులు సబ్‌స్టేషన్ల ముందు కూర్చున్నారు. చంద్రబాబు నాయుడు ప్రభుత్వం సంస్కరణలు తప్పవన్న మాట మీదే ఉంది. ప్రైవేటు కరెంటు కేంద్రాలతో చేసుకున్న ఒప్పందాలు, వాటికి యూనిట్‌కు ఎంత ఇస్తున్నారు, కొన్నా కొనకపోయినా కట్టే ఫిక్స్‌డ్ చార్జీలు ఎంత అనేవి బాగ్‌లింగంపల్లి మీటింగుల్లో విని వచ్చి మేము గల్లీలో చెప్పేవాళ్ళం. ఆ కొనుగోలు ఒప్పందాలకున్న పొట్టిపేరు పీపీఏ అనే మాట అప్పడాలు ఒత్తే చోట కూడా నలిగింది. ఒక ముసలావిడ అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తు: "మనం కొనని పాలకు కూడా పాలాయనకు పైసలిస్తమా?"

ఆగస్టు 24న వాన. హైదరాబాద్‌లో ఆ ఒక్కరోజే 24 సెంటీమీటర్లు పడింది. హుస్సేన్‌సాగర్ కింద నాలా పక్క బస్తీలన్నీ మునిగాయి. మా గల్లీలోనూ మోకాళ్ళ దాకా నీళ్ళు. గిర్నిలో మోటారు తడిసింది, చార్టు గోడ మీంచి ఊడి కొట్టుకుపోయింది. ఊళ్ళో ప్రాణాలు పోయాయి. ఇంకో నాలుగు రోజుల్లో చలో అసెంబ్లీ. జనం వస్తారా అని మాకందరికీ టెన్షన్. మా బీరువాలో అందనంత ఎత్తున పెట్టినందుకు బిల్లుల జిరాక్సుల కట్ట మాత్రం తడవలేదు. నీళ్ళు తగ్గిన మర్నాడే, ఇంకా ఇళ్ళల్లో బురద ఎత్తిపోస్తూనే, ఆడవాళ్ళు ఎన్ని గంటలకు బయలుదేరాలని అడగడం మొదలుపెట్టారు.

28 పొద్దున బాగ్‌లింగంపల్లిలో కలుసుకుని నారాయణగూడ, హిమాయత్‌నగర్ మీదుగా నడిచాం. ఓనరమ్మ, అద్దెకున్న ముగ్గురూ ఒకే వరసలో ఉన్నారు. గిర్ని తాతను రావద్దన్నా వచ్చాడు. జిల్లాల నుంచి దిగినవాళ్ళు, విద్యార్థులు, కార్మికులు కలిసేసరికి రోడ్డు కనిపించలేదు. బషీర్‌బాగ్ చౌరస్తాలో ముళ్ళకంచె వేసి ఆపేశారు. ముందు నీళ్ళు కొట్టారు. ఆ దెబ్బకు కుట్టుమిషన్ అక్క చేతిలోని సంచి ఎగిరి పడింది. కాగితాలు రోడ్డంతా పరుచుకున్నాయి. వాటిని ఏరుకుంటుండగానే గుర్రాలు మీదికొచ్చాయి. లాఠీలు, బాష్పవాయువు, కళ్ళల్లో మంట. మేము ఓ పక్క సందులోకి పరుగెత్తాం. ఎవరో తెలియని ఇల్లాలు తలుపు తీసి బక్కెట్లతో నీళ్ళు బయటపెట్టింది. ముఖాలు కడుక్కుంటుండగా వినిపించాయి కాల్పులు. నేను కళ్ళారా చూడలేదు. చప్పుడు విన్నాను, అంతే. మొదట అది కూడా బాష్పవాయు గోళమే అనుకున్నాం. తరవాత అటు నుంచి పరుగెత్తుకొచ్చినవాళ్ళు చెప్పారు.

మా వాళ్ళలో ఒకామెకు చేయి విరిగింది. తాతకు తలమీద దెబ్బ. అందరం ఇల్లు చేరేసరికి చీకటి పడింది. ఆ రాత్రి ఎవరూ పిలవకుండానే గల్లీ లైట్లు ఆర్పేసింది.

పెంచిన చార్జీలు మేము అడిగినట్టు మొత్తం వెనక్కి రాలేదు. అది నిజం, దాచవలసిన పని లేదు. కానీ ఆ తరవాత కరెంటు చార్జీ మీద చేయి వేయాలంటే ఏ ప్రభుత్వమైనా ఒకటికి పదిసార్లు ఆలోచించుకోవాల్సి వచ్చింది. మొదటి 50 యూనిట్లకు 1.45 రూపాయల రేటు ఎన్నో ఏళ్ళు అలాగే నిలిచిపోయింది. 2004 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రమాణ స్వీకారం చేసి రైతులకు ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టింది ఎల్బీ స్టేడియంలో. కాల్పులు జరిగిన చౌరస్తా నుంచి నడిచిపోయేంత దూరం. ఆ రోజు టీవీ ముందు కూర్చుని టీచరమ్మ ఎంతసేపూ మాట్లాడలేదు.

మా గల్లీకి దక్కింది ఇంకోటి ఉంది. రేట్లు పెంచే ముందు జనం అభ్యంతరాలు వినాలని చట్టంలో ఉందనీ, బహిరంగ విచారణలో ఎవరైనా మాట్లాడవచ్చనీ ఆ పోరాటంలోనే తెలిసింది. తరవాతి సంవత్సరాల్లో టీచరమ్మ వెంట మావాళ్ళు కొందరు విచారణలకు వెళ్ళారు. టై కట్టుకున్న ఆఫీసర్ల ముందు నిలబడి ఎదురింటి ఓనరమ్మ జాయింట్ మీటరు లెక్క ఒక్క అంకె తప్పకుండా చెప్పింది. రాసుకున్న కాగితం చేతిలోనే ఉంది, దాన్ని చూడలేదు. పోర్షన్లకు విడి మీటర్లు రావడానికి ఏళ్ళు పట్టింది. అర్జీలు, తిరుగుళ్ళు, మళ్ళీ అర్జీలు. మా ఇంటికి మీటరు బిగించిన రోజు నుంచీ మొదటి బిల్లు కోసం ఐదు పోర్షన్లవాళ్ళమూ ఎదురుచూశాం. 38 యూనిట్లు. మొదటి స్లాబు.

కుట్టుమిషన్ అక్క ఆ తరవాత మంచినీళ్ళ కనెక్షన్ల మీద పడింది. రేషన్ కార్డులు, పింఛన్ల పనులన్నీ ఇప్పటికీ ఆమె దగ్గరికే వస్తాయి. గిర్ని తాత లేడు. టీచరమ్మ కొడుకు దగ్గర బెంగళూరులో ఉంటున్నారు, ఫోన్ చేస్తే కరెంటు సంగతులే అడుగుతారు.

స్థూపం మీద ముగ్గురి పేర్లు ఉన్నాయి, ఉండాలి. ఆ చౌరస్తా దాకా జనాన్ని నడిపించి తెచ్చిన బస్తీ ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా రాసి లేవు. ముషీరాబాద్, అంబర్‌పేట, సికింద్రాబాద్ వైపు గల్లీల్లోనూ మా టీచరమ్మ లాంటివాళ్ళు తప్పకుండా ఉండి ఉంటారు. మీ అమ్మనో అత్తనో ఒకసారి అడగండి. ఆనాటి కరపత్రాలు, మీటింగుల ఫొటోలు, వెనక వేలిముద్రలున్న బిల్లులు మీ ఇంట్లో ఏ ట్రంకుపెట్టెలోనైనా ఉంటే పారేయకండి. మా కట్టలో రోడ్డు మీద ఏరుకోగలిగినవి కొన్ని నా దగ్గర ఉన్నాయి. నీళ్ళకు సిరా కాస్త అలుక్కుపోయింది కానీ యూనిట్లు, రేట్లు, పేర్లు చదవడానికి వస్తాయి. అన్నీ ఒకచోట చేర్చి రాద్దామని నా ఆలోచన.